జూలై 4 ఆదివారం నాడు వస్తే ఆరాధనలో జెండా ఎక్కడ నిలవాలి?

గుండ్లకమ్మ ఒడ్డు | 2021 జూన్ 6

అందరికీ ప్రభువు నామమున వందనములు. నాది ఒంగోలు ప్రాంతం. పదకొండేళ్లుగా న్యూయార్క్ రాష్ట్రం ఎగువ భాగంలో, పాడి పొలాల నడుమ ఉన్న ఒక చిన్న ఊరిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. న్యూయార్క్ అనగానే మనవాళ్లకు ఆకాశాన్నంటే మేడలు గుర్తుకు వస్తాయి గాని, మా ఊరికి ఉన్నది ఒకే ఒక్క ట్రాఫిక్ లైటు, రెండు పెట్రోలు బంకులు, జీతం లేకుండా పనిచేసే అగ్నిమాపక దళం, నాలుగు చర్చిలు. తెల్ల రంగు వేసిన చెక్క చర్చి మాది, బాప్టిస్టు సంఘం. ఆదివారం అరవై మంది వస్తే నిండుగా ఉన్నట్టే. అందులో తెలుగు కుటుంబం మాదొక్కటే. నిరుడు నన్ను డీకనుగా, అంటే సంఘ పరిచారకునిగా ఎన్నుకున్నారు.

అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 ఈ ఏడు ఆదివారం నాడు వచ్చింది. నెలలో మొదటి ఆదివారం కూడా అదే కాబట్టి ఆ ఉదయం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం ఉంటుంది. మా సంఘంలో ఎంతో కాలంగా ఒక ఆనవాయితీ ఉంది. జూలై 4కు దగ్గరగా ఉన్న ఆదివారం నాడు, సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దలు జాతీయ జెండాను వెనుక ద్వారం నుంచి నడవ మీదుగా ముందుకు తీసుకువస్తారు. సంఘమంతా లేచి, గుండెపై చెయ్యి వేసుకొని జెండా ప్రతిజ్ఞ చెబుతుంది. మూడు దేశభక్తి గీతాలు పాడిన తరువాతే ప్రసంగం మొదలవుతుంది. నిరుడు కరోనా వల్ల ఆరాధనా లేదు, ఊళ్లో జూలై 4 ఊరేగింపూ లేదు. కనుక ఈసారి ఏ లోటూ లేకుండా జరగాలని అందరి ఆశ.

రెండేళ్ల క్రితం వచ్చిన మా కాపరిగారు (పాస్టరు), ఆమె వయసులో చిన్నవారు, ప్రభువు బల్ల పక్కన ఏ దేశపు జెండా ఉండడమూ తన మనస్సాక్షికి సమ్మతం కాదని, ఏడాది పొడవునా వేదిక మీద ఉండే జెండాను ముందు వరండాలోకి మార్చుదామని సంఘ సమావేశంలో ప్రతిపాదించారు. కొరియా యుద్ధంలో పనిచేసిన 89 ఏళ్ల పెద్దాయన ఒకరు లేచి, "జెండా బయటికి వెళ్లిన రోజు నేనూ వెళతాను" అని ఒక్క మాట అని కూర్చున్నారు. ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. చివరికి కాపరిగారు, ఆ పెద్దాయన కుమార్తె, నేను కలిసి ఒక నిర్ణయానికి రావాలని తీర్మానించారు. నేను ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉన్నాను. ఈ దేశపు జెండా ఎక్కడ ఉండాలో చెప్పే అర్హత నాకు ఉన్నదా అన్న సంకోచం ఒకవైపు, ఇద్దరిలో ఎవరు నొచ్చుకున్నా అరవై మంది సంఘం రెండుగా చీలుతుందన్న భయం ఇంకొకవైపు పీడిస్తున్నాయి. ఇలాంటి ఊళ్లలో ఉంటున్న మీరు ఏమి చేశారో, ఏమి చూశారో దయచేసి వివరంగా చెప్పగలరు.

లూథరన్ బిడ్డ | 2021 జూన్ 7

సహోదరులకు వందనములు. పెన్సిల్వేనియా లూథరన్లు పంపగా 1842 జూలై 31న గుంటూరు చేరిన హేయర్ గారు నాటిన సంఘంలో పుట్టినదాన్ని. ఇప్పుడు నేను ఉంటున్నది ఆ పెన్సిల్వేనియాలోనే, మీ ఊరి వంటి ఊరిలోనే.

మాకు ఆరాధన క్రమమంతా సంఘ క్యాలెండరు ప్రకారం నడుస్తుంది. ఆ ఋతువులో బల్ల మీద పరిచేది ఆకుపచ్చ వస్త్రమే. జూలై 4 ఏ వారమైనా ఆ పచ్చదనం మారదు. దేశం కోసం, పాలించేవారి కోసం విజ్ఞాపన ప్రార్థన మాత్రం తప్పక చేస్తాము. దేశభక్తి గీతం ఒకటే, అదీ ఆశీర్వాదం చెప్పి ఆరాధన ముగిసిన తరువాత పాడతాము. ఉండాలనుకున్నవారు ఉంటారు, లేనివారు కాఫీ దగ్గరికి వెళతారు. ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు.

జెండా విషయంలో మీరు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. 1942లో కాంగ్రెసు ఆమోదించిన జెండా నియమావళి ప్రకారం, చర్చిలో జెండా నిలబెడితే అది ప్రసంగించేవారి కుడి చేతి వైపు, అంటే గౌరవ స్థానంలో ఉండాలి. మిగతా జెండాలు ఏవైనా దాని తరువాతే. దీనికి శిక్ష అంటూ లేదు, మర్యాద కోసం చెప్పిన నియమమే. అయినా సిలువ గుర్తు ఉన్న క్రైస్తవ జెండా ఎడమ వైపుకు, రెండవ స్థానానికి వెళ్లిపోతుంది. మా కాపరికి కలిగిన ఇబ్బంది అదే. జెండాను లోపల ఉంచి తక్కువ చేయడం అమర్యాద, లోపల ఉంచి ఎక్కువ చేయడం దేవుని మందిరంలో తగదు. అందుచేత అది బయట స్తంభం మీద ఎత్తుగా ఎగరడమే రెండు విధాలా మేలని మేము నిశ్చయించుకున్నాము. మీ కాపరిగారిది అగౌరవమని ఆ పెద్దాయన అనుకొని ఉంటే, ఈ కోణం ఆయనకు చెప్పి చూడండి.

మొక్కజొన్న చేల నర్సు | 2021 జూన్ 9

అక్కయ్యగారు చెప్పినదానికి మా అయోవా సంగతి ఒకటి జతచేస్తాను. మా ఊరిలో జర్మన్ మూలాల వారే ఎక్కువ. మా చర్చి పునాది రాయి మీద అక్షరాలు జర్మన్ భాషలో ఉన్నాయి. మొదట ఇక్కడ ఆరాధన పూర్తిగా జర్మన్‌లోనే జరిగేదట.

1918 మే నెలలో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అయోవా గవర్నరు హార్డింగ్ ఒక ప్రకటన జారీ చేశాడు. బడిలో, రైలులో, బహిరంగ స్థలాల్లో, టెలిఫోనులో, చివరికి చర్చి ఆరాధనలో కూడా ఇంగ్లీషు తప్ప మరే భాషా పలకకూడదన్నాడు. ఇంగ్లీషు రాని ముసలివారు ఇంటి దగ్గర ఆరాధించుకోవచ్చని అందులో ఒక వెసులుబాటు. తమ దేశభక్తిని శంకించేవారికి జవాబుగా ఆనాడు ఎన్నో జర్మన్ సంఘాలు వేదిక మీదికి జాతీయ జెండాను తెచ్చుకున్నాయి. మా చర్చిలోకి జెండా వచ్చినది కూడా అప్పుడేనని ఇక్కడి పెద్దలు చెబుతారు.

ఈ సంగతి తెలిసే వరకు ఆ జెండా అనాదిగా అక్కడే ఉన్నదని, దానిని కదిలించడం విశ్వాసాన్ని కదిలించడమేనని నేనూ అనుకునేదాన్ని. కొందరికి అది ప్రేమతో వచ్చింది, కొందరికి భయంతో వచ్చింది. మీ చర్చిలోకి అది ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ముందు కనుక్కోండి, అన్నయ్యగారూ. సంఘపు పాత మినిట్సు పుస్తకాల్లో తప్పక ఉంటుంది.

ఇంకొక మాట. నెలకు ఒకసారి మా ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు కూడి ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటాము. టెలిఫోనులో అమ్మతో మాట్లాడేటప్పుడు ఆ ప్రకటన ఒక్కొక్కసారి గుర్తుకు వస్తుంది.

బూట్లు విప్పిన సిపాయి | 2021 జూన్ 10

పెద్దలందరి మాటలు చదివాను. నేను భిన్నాభిప్రాయం చెబుతున్నాను, మన్నించాలి.

విదేశీయులను వారి భాషా పరిజ్ఞానం కోసం సైన్యంలో చేర్చుకునే పథకం 2008లో మొదలై 2016 వరకు ఇక్కడ నడిచింది. దాని ద్వారా చేరి, నాలుగేళ్లు పనిచేసి, పౌరసత్వం పొందినవాడిని నేను. మాది విజయనగరం జిల్లా. నేను శిక్షణలో ఉన్నప్పుడు దగ్గరి ఊరి చర్చివారు ప్రతి ఆదివారం వ్యాను పంపి మమ్మల్ని తీసుకువెళ్లేవారు, ఆరాధన తరువాత అన్నం పెట్టి తిరిగి దింపేవారు. ఆ చర్చిలో జెండా వేదిక మీదే ఉండేది. దాని పక్కన నిలబడి వాళ్లు నా పేరు, నోరు తిరగకపోయినా, అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివి నా కోసం ప్రార్థన చేసేవారు. నాకు జెండా అంటే ప్రభుత్వం కాదు, ఆ వ్యాను నడిపిన ముసలాయన.

మీ 89 ఏళ్ల పెద్దాయన జెండాను పూజిస్తున్నారని నేను అనుకోను. సిద్ధాంతం ఎంత సరైనదైనా, ఆయన ఇంకా ఎన్ని జూలై నెలలు చూస్తారు? ఆయన ఉన్నంత కాలం ఆగితే మీ కాపరిగారి మనస్సాక్షికి అంత భంగమా? నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

నెల్లూరు మాస్టారు | 2021 జూన్ 12

ఆయుష్మంతులకు ఆశీస్సులు. నేను అమెరికా చూడలేదు. చరిత్ర ఉపాధ్యాయునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఈ చర్చలో పాల్గొంటున్నవారికి తెలియవలసిన సంగతి ఒకటి ఉన్నది కాబట్టి వ్రాస్తున్నాను.

మీ సంఘంలో పాడే మూడు గీతాలలో "అమెరికా" అన్నది తప్పక ఉంటుందని నా నమ్మకం. ఇంగ్లండు జాతీయ గీతపు బాణీలోనే ఉంటుంది కనుక వినగానే గుర్తుపట్టవచ్చు. దానిని వ్రాసినవాడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్. ఆండోవర్ వేదాంత పాఠశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన వ్రాసిన ఆ గీతాన్ని 1831 జూలై 4న బోస్టనులోని పార్క్ స్ట్రీట్ చర్చిలో సండే స్కూలు పిల్లలు తొలిసారి పాడారు. అంటే ఆ గీతం సైనిక కవాతులో పుట్టలేదు, జూలై 4న, చర్చిలో, పిల్లల నోట పుట్టింది.

ఆ స్మిత్ గారికి మన నెల్లూరుతో బంధం ఉన్నది. అమెరికన్ బాప్టిస్టులు 1835లో తెలుగు దేశానికి శామ్యూల్ డే గారిని పంపారు. ఆయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చేతివేళ్లతో లెక్కించదగినంత మందే విశ్వాసులయ్యారు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో, అంటే ఈ ప్రశ్న అడిగిన అబ్బాయి ఉంటున్న రాష్ట్రంలోనే, మిషను సభ జరిగినప్పుడు నెల్లూరు కేంద్రాన్ని మూసివేద్దామన్న ప్రస్తావన వచ్చింది. పటంలో ఒంటరిగా కనిపించే ఆ కేంద్రాన్ని సభలో ఎవరో "ఒంటి నక్షత్రం" అన్నారు. ఆ మాట పట్టుకొని స్మిత్ గారు ఆ రాత్రే, ఒంటి నక్షత్రమా ప్రకాశించు అన్న భావంతో ఒక పద్యం వ్రాశారు. మరునాడు దానిని చదివి వినిపించగా సభలోనివారు కంటతడి పెట్టారు. మిషను మూతపడలేదు. మరుసటి ఏడు, అంటే 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీలైన జ్యూయెట్ దంపతులు మరి ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు ప్రార్థన కొండ మీద మోకరించారు. ఆ తరువాత మిషనరీ క్లౌ దొరగారు వచ్చారు. 1876-78 నాటి కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పనిలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. కూలి కోసం, గంజి కోసం చేరారన్న మాట రాకూడదని, ఆ సహాయం జరుగుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిసిన తరువాత, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు 1878 జూలై 3.

మీరు పెట్టుకున్న పేరు గుండ్లకమ్మ ఒడ్డు కాబట్టి ఇంత వివరంగా వ్రాశాను. ఆ గీతాన్ని ఆరాధనలో పాడాలా, ఆరాధన ముగిశాక పాడాలా అన్నది మీ సంఘం తేల్చుకోవలసిన విషయం. ఆ గీతం ముందు మీరు పరాయివారు కారని మాత్రం నేను నిశ్చయంగా చెప్పగలను. స్వదేశాన్ని ప్రేమించి పాట కట్టిన చెయ్యే, తాను అప్పటికి కంటితో చూడని మన నెల్లూరు కోసం రాత్రి మేలుకొని పద్యం వ్రాసింది. కరువులో ఉన్నవాడి చేతిలో కూలి పెట్టి, అతని విశ్వాసాన్ని మాత్రం కొనని క్లౌ గారి నిగ్రహం ఈ జెండా తగవులోనూ పనికి వస్తుందేమో ఆలోచించండి.

గుండ్లకమ్మ ఒడ్డు | 2021 జూన్ 13

మాస్టారు గారూ, మా ముత్తాతగారి తండ్రి ఆ జూలై 3న ఏటిలో దిగినవారిలో ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తేదీకి, ఇక్కడి పండుగకు మధ్య ఒక్క రాత్రే తేడా అని ఇన్నేళ్లలో నాకు తట్టలేదు. ఈ ఉదయం చర్చిలో పాటల పుస్తకం తెరిచి చూశాను. పాట కింద చిన్న అక్షరాల్లో స్మిత్ గారి పేరు ఉన్నది. ఆల్బనీ సంగతి మా కాపరిగారికి చెప్పాను. ఆమె చాలాసేపు మౌనంగా ఉండి, ఆ పద్యం దొరికితే పంపమని అడిగారు.

హైకోర్టు మెట్లు | 2021 జూన్ 15

న్యాయవాదిగా ఒక చిన్న మనవి. జెండా స్థానం గురించి అందరూ వ్రాస్తున్నారు గాని, ప్రతిజ్ఞ గురించి ఎవరూ వ్రాయలేదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది.

ఆ ప్రతిజ్ఞను 1892లో వ్రాసిన ఫ్రాన్సిస్ బెల్లమీ కూడా బాప్టిస్టు ప్రసంగీకుడే, మీ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినవాడే. ఆయన వ్రాసినదానిలో దేవుని ప్రస్తావన లేదు. ఆ మాటలు 1954లో చేర్చారు. బడిలో పిల్లలను ప్రతిజ్ఞ చెప్పమని బలవంతపెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1943లో వెస్ట్ వర్జీనియా కేసులో తీర్పు చెప్పింది, అదీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. మన దేశంలోనూ 1986లో, కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడకుండా మర్యాదగా నిలబడినందుకు బడి నుంచి తొలగిస్తే, వారిని తిరిగి చేర్చుకోవాలని మన సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు కేసుల్లోనూ పిల్లలు యెహోవా సాక్షుల కుటుంబాలవారు.

బడిలోనే బలవంతం కూడదన్నప్పుడు, ప్రభువు బల్లకు వచ్చినవారిని అందరి మధ్య లేపి నిలబెట్టి ఒక దేశానికి విధేయత పలికించడం ఎంతవరకు సబబు? మీ సంఘంలో పౌరులు కానివారు మీరే ఉన్నారు. గుండెపై చెయ్యి వేసుకోవాలా వద్దా అని ఆ క్షణంలో మీ పిల్లలు మీ ముఖం వైపు చూసి ఉంటారు. ఎవరి మనసూ నొప్పించకుండా మొదట తీసివేయగలిగినది జెండాను కాదు, ప్రతిజ్ఞను. ఊరేగింపు మొదలయ్యే చోట దానిని ఎలాగూ చెబుతారు కదా.

ఎర్రమట్టి దారి | 2021 జూన్ 20

నేను జార్జియాలో వేదాంత విద్య చదువుతూ ఒక నల్లజాతివారి సంఘంలో సహాయకునిగా పనిచేస్తున్నాను. బానిసత్వం ముగిసిన వార్త టెక్సాసు చేరిన జూన్ 19వ తేదీని జాతీయ సెలవు దినంగా ప్రకటిస్తూ మొన్న 17న చట్టం వచ్చింది. నిన్న మా చర్చి ఆవరణలో జరిగిన విందులో కూర్చున్నప్పుడు ఈ చర్చ గుర్తుకు వచ్చింది.

మీ న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పూర్తిగా రద్దయినది 1827 జూలై 4న. అయినా అక్కడి నల్లజాతివారు మరునాడు, జూలై 5న ఊరేగింపు జరుపుకున్నారు. 1852లో, బానిసత్వం నుంచి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ తన ప్రసిద్ధ ప్రసంగం చేసినది కూడా మీ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరంలో, జూలై 5ననే. మీ జూలై 4 బానిసకు ఏమిటి అని ఆయన సూటిగా అడిగాడు. ఆయన ఆ దేశాన్ని ద్వేషించి అడగలేదు. స్వాతంత్ర్య ప్రకటనలోని మాటలను అక్షరాలా నమ్మినవాడు కాబట్టే అడిగాడు.

మా సంఘంలో జూలై 4న జెండా ఉండదు, పాట ఉండదు. అలాగని మాంసం కాల్చడం, పుచ్చకాయలు కోయడం, పిల్లల చేతికి కాకరపువ్వొత్తులు ఇవ్వడం మానరు. సైన్యంలో పనిచేసినవారు మా సంఘంలో పదిహేడు మంది ఉన్నారు. వారిని జెండా గురించి అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానం చెబుతారు. కనుక మీ పెద్దాయనను సమావేశంలో గాక, ఇంటి దగ్గర కూర్చొని అడగండి. సమావేశంలో మనిషి పట్టుదల వినిపిస్తుంది గాని, కారణం వినిపించదు.

మరియమ్మ గుడి వీధి | 2021 జూన్ 21

మా తమ్ముడు కడప మేత్రాసనం నుంచి వచ్చి కాన్సాసులో మూడు పల్లె విచారణలు (పారిష్‌లు) చూసుకుంటున్న గురువు (ఫాదర్). అమెరికా పల్లెల్లో గురువుల కొరత వల్ల మన తెలుగు గురువులు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నారు. కతోలికులమైన మాకు ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ, స్వాతంత్ర్య దినోత్సవం ఒకే రోజు. మా ఊళ్లో గుడి ఆవరణలో జెండా ఎగరవేసి, మిఠాయి పంచి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లి పూజలో పాల్గొంటాము. జెండా బయట, పూజ లోపల. దీని మీద ఎవరైనా వాదించుకోవడం నేను ఎన్నడూ వినలేదు. తమ్ముడు కాన్సాసులోనూ అలాగే చేయిస్తున్నాడు.

గుండ్లకమ్మ ఒడ్డు | 2021 జూన్ 27

జార్జియా తమ్ముడు చెప్పినట్టు, పెద్దాయన కుమార్తెతో కలిసి మొన్న గురువారం ఆయన ఇంటికి వెళ్లాను. అయోవా చెల్లెమ్మ సలహా ప్రకారం అంతకు ముందే మినిట్సు పుస్తకాలు వెదికాను. 1952 నవంబరు పుటలో ఒక్క వాక్యం ఉన్నది: వేదిక కోసం జెండా, ఇత్తడి దిమ్మెతో సహా, ఒక తల్లి ఇచ్చిందని, సంఘం కృతజ్ఞతతో స్వీకరించిందని. ఆ తల్లి ఇంటిపేరు, పెద్దాయన ఇంటిపేరు ఒకటే.

నేను ఆ పుట ఫొటో చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని చాలాసేపు చూశారు. అన్నదమ్ములిద్దరూ కొరియా వెళ్లారట. పెద్దవాడు తిరిగి రాలేదు, శరీరం కూడా రాలేదు. ఊరి శ్మశానంలో రాయి ఉన్నది గాని, దాని కింద ఎవరూ లేరు. తల్లికి వెళ్లి కూర్చునే చోటు లేక, ఆమె ఆ జెండాను కొని చర్చికి ఇచ్చింది. బ్రతికినంత కాలం జెండా వైపు ఉన్న రెండవ వరుసలోనే కూర్చున్నదట. "మా అమ్మకు అదే వాడి సమాధి" అన్నారాయన. అరవై తొమ్మిదేళ్లుగా సంఘంలో ఆ సంగతి తెలిసినవారు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన కుమార్తెకు కూడా ఆ రోజే తెలిసింది.

శనివారం కాపరిగారు స్వయంగా వెళ్లారు. వారిద్దరూ ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ముగ్గురమూ కలిసి తేల్చినది ఇది. ప్రతిజ్ఞ ఆరాధనలో ఉండదు. ఊరేగింపు మొదలయ్యేటప్పుడు చర్చి మెట్ల దగ్గర, చెప్పదలచినవారు చెబుతారు. పాట ఒక్కటే, ఆశీర్వాదం తరువాత. ప్రభువు బల్ల పక్కన జెండా ఉండదు. దానిని వరండాకు పంపకుండా, రెండవ వరుస పక్కన, కిటికీ దగ్గర నిలబెడతాము. దానికి ఆ సైనికుని పేరు, సంవత్సరం చెక్కిన చిన్న ఇత్తడి రేకు ఉంటుంది. సిపాయి తమ్ముడు ఇది చదివితే సంతోషిస్తాడనుకుంటాను.

అందరూ సంతోషించారని చెప్పలేను. ఒక కుటుంబం ఇకపై మెథడిస్టు చర్చికి వెళతామని చెప్పింది. వారిని కలిసి రావాలి.

బూట్లు విప్పిన సిపాయి | 2021 జూన్ 28

చదివాను, అన్నయ్యగారూ. జూన్ 10న ఆగమని వ్రాశాను. ఆగి ఉంటే ఆయన ఆ సంగతి చెప్పకుండానే వెళ్లిపోయేవారేమో. మీ కాపరిగారికి నా వందనాలు తెలియజేయండి.

గుండ్లకమ్మ ఒడ్డు | 2021 జూలై 6

ఆదివారం ఎలా జరిగిందో చెప్పమని ముగ్గురు నలుగురు అడిగారు కనుక వ్రాస్తున్నాను.

తెల్లవారి అయిదింటికే కోడి మాంసం కాల్చే చోటికి వెళ్లాము. మా ప్రాంతంలో ఏ చర్చి, ఏ అగ్నిమాపక దళం నిధులు కూడబెట్టాలన్నా కోళ్లు కాల్చడమే పద్ధతి. ఇక్కడి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బేకర్ అనే ఆచార్యుడు 1950లో ప్రచురించిన కొలతలనే ఇప్పటికీ వాడతారు. సిమెంటు దిమ్మెలను నడుము ఎత్తున దీర్ఘచతురస్రంగా పేర్చి, లోపల బొగ్గు రాజేసి, సగానికి కోసిన కోళ్లను రెండు ఇనుప జల్లెడల మధ్య బిగిస్తారు. చెరొక చివర ఒకరు పట్టుకొని, ఒక్క మాట మీద ఎత్తి తిప్పాలి. ఒకరి చెయ్యి వెనుకబడితే వరుస మొత్తం నిప్పుల్లో పడుతుంది. నా ఎదుట జల్లెడ పట్టుకున్నది, మెథడిస్టు చర్చికి వెళతామన్న ఆ కుటుంబపు పెద్ద. బొగ్గు రాజేయడంలో ఆయనను మించినవారు ఊళ్లో లేరు, అందుకని కబురు పెడితే వచ్చారు. రెండు గంటల పాటు "ఇప్పుడు", "తిప్పు" అన్న మాటలు తప్ప మేము ఇంకేమీ మాట్లాడుకోలేదు. ఆరాధనకు గంట కొట్టినప్పుడు ఆయన లోపలికి రాలేదు, నిప్పు చూసుకుంటానని అక్కడే ఉండిపోయారు.

వేదిక మీద నుంచి జెండా తీసిన చోట, తివాచీ మీద గుండ్రని మచ్చ ఉన్నది. చుట్టూ వెలిసిపోయిన తివాచీ నడుమ, ఇత్తడి దిమ్మె కింద ఏళ్ల తరబడి ఎండ తగలని ఆ మేర మాత్రం ముదురు ఎరుపుగా మిగిలింది. కాపరిగారు దానిని కప్పలేదు. ఆమె రొట్టె విరిచేటప్పుడు ఆ మచ్చ సరిగ్గా ఆమె కుడి పాదం పక్కన ఉన్నది. పెద్దాయన రెండవ వరుసలో, తన తల్లి కూర్చున్న చోట, జెండాకు ఆనుకొని కూర్చున్నారు. ఆశీర్వాదం తరువాత స్మిత్ గారి పాట పాడే ముందు, 1853 నాటి ఆల్బనీ సంగతి చెప్పమని కాపరిగారు నన్ను ముందుకు పిలిచారు. మాస్టారు గారు వ్రాసినదే ఇంగ్లీషులో చెప్పాను. చివర గుండ్లకమ్మ, 2,222, జూలై 3 అన్నప్పుడు నా గొంతు పూడుకుపోయింది. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు ప్రాంతంలోని మా సొంత ఊరిలో కరోనాతో పోయిన పదకొండు మంది పేర్లను ఈ సంఘం నోరు తిరగకపోయినా ప్రతి బుధవారం చదివి ప్రార్థించింది. మా పెదనాన్నగారి పేరు అందులో నాలుగవది. ఆ సంగతి కూడా చెబుదామనుకున్నాను గాని మాట రాలేదు.

కోళ్లు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోయాయి. మూడు వందల సగాలు. వచ్చిన డబ్బులో సగం అగ్నిమాపక దళానికి, సగం ఒంగోలులోని ఒక ఆసుపత్రికి ప్రాణవాయువు యంత్రాల కోసం ఇవ్వాలని సంఘం ముందే తీర్మానించింది. రెండింటికి ఊళ్లోని నాలుగు చర్చిల గంటలూ ఒకేసారి మ్రోగించారు. జూలై 4న ఆ వేళకు గంటలు మ్రోగించాలని 1963లో కాంగ్రెసు తీర్మానం చేసిందట. మా గంట తాడు పెద్దాయన పట్టుకున్నారు. నాలుగు లాగుళ్ల తరువాత చేతులు ఆడక, తాడు చివర నా కొడుకు చేతికి ఇచ్చారు.

నెల్లూరు మాస్టారు | 2021 జూలై 7

బాబూ, చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను. మీరు అడిగిన పద్యం పాత మిషను పుస్తకంలో ఉన్నది, మనవడి చేత ఫొటో తీయించి ఈ రాత్రి పంపుతాను. బొగ్గు రాజేసిన ఆ పెద్దమనిషి ఆ తరువాత ఏమన్నారు?

గుండ్లకమ్మ ఒడ్డు | 2021 జూలై 7

ఏమీ అనలేదు, మాస్టారు గారూ. సాయంత్రం జల్లెడలు కడగడానికి వచ్చారు. వాటిని తుడిచి ఆరబెట్టి, ఎప్పటిలాగే మా చర్చి కొట్టంలోనే పెట్టి వెళ్లారు.